పాత ఎంజీబీని రాజమండ్రి నుంచి దిండికి సొంత చక్రాల మీద తీసుకెళ్లడం ఎలా

సంక్రాంతి సందడి సద్దుమణిగాక, జనవరి చివరి ఆదివారం మేం పది పన్నెండు మందిమి కోనసీమలోని దిండి దగ్గర ఒక స్నేహితుడి తోటలో కలుస్తాం. అందరివీ పాత బళ్లే. ఫియట్లు, అంబాసిడర్లు, రెండు విల్లీస్ జీపులు, ఇంగ్లండు స్పోర్ట్స్ కార్లు మూడు నాలుగు. నాది 1966 నాటి ఎంజీబీ, టాపు తీసే రెండు సీట్ల బండి. పోయినేడు కొత్తగా చేరిన ఇద్దరు తమ బళ్లను లారీ మీద ఎక్కించి తెచ్చారు. రెండూ అద్దాల్లా మెరిసిపోతున్నాయి. ఎందుకలా తెచ్చారని అడిగితే, "దారిలో ఆగిపోతే ఎలాగండీ?" అన్నారు.

లక్షలు పోసి, ఏళ్ల తరబడి ఎదురుచూసి బాగుచేయించుకున్న బండిని ఆగిపోతుందేమోనన్న భయంతో నడపకపోవడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది. ఈ బళ్లు దారిలో ఆగిపోవడానికి కారణాలు ఐదారుకు మించవు. సగం ఇంటి దగ్గరే దొరికిపోతాయి. మిగిలిన సగానికి డిక్కీలో సరైన సామాను ఉంటే రోడ్డు పక్కనే పని అయిపోతుంది. ఆ ఇద్దరి కోసం, వాళ్లలా వెనకాడే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాకు చేతులారా తెలిసింది ఎంజీబీ కాబట్టి దాని లెక్కలే చెబుతాను. మీది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అయినా, ఎంజీ మిడ్జెట్ అయినా చాలావరకు ఇవే పనికొస్తాయి. వాటికీ ఎస్‌యూ కంపెనీ కార్బరేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు ఇచ్చేవి), లూకాస్ కంపెనీ వైరింగే ఎక్కువ. ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో ఐదు లక్షలకు పైగా తయారైంది. అందుకే రబ్బరు బుష్ దగ్గర్నుంచి రేకు దాకా ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. అక్కడి నుంచి రావడానికి పట్టే కాలం లెక్క వేసుకుని, కావలసినవి నవంబరులోనే తెప్పించుకోండి.

ముందు కాగితాలు

ఇది చిన్న పనే కానీ వదిలేయొద్దు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ బతికున్నాయో లేదో చూడండి. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బళ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. అయితే ఆ నంబరున్న బండిని రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కాలి. మీది ఆ కోవలోదైతే, ఎక్కడికి వెళ్తున్నారో తెలిపే ఆహ్వానం కాగితమో మెసేజో వెంట ఉంచుకోండి.

పెయింటు ఆరిన రోజుతో పని అయిపోలేదు

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. బాగుచేసిన బండి షెడ్డులోంచి బయటికి వచ్చిన రోజున పని సగమే అయినట్టు. ప్రతి నట్టూ కొత్తగా బిగించిందే, ప్రతి హోస్ పైపూ కొత్తగా ఎక్కించిందే. వేడెక్కి, అదిరి, చల్లారాక అవన్నీ కాస్త కాస్త వదులవుతాయి. కాబట్టి మీటింగుకు కనీసం ఆరు వారాల ముందు నుంచి బండిని విడతలు విడతలుగా తిప్పండి.

మొదటి విడత పది కిలోమీటర్లు, ఊరు చుట్టూనే. ఇంటికి రాగానే బండి కింద పాత అట్టముక్కలు పరిచి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే అట్ట మీద మరక ఎక్కడుందో చూస్తే ఏది కారుతోందో తెలుస్తుంది. నల్లటి మరక ఇంజనాయిలు. ముందు పచ్చమరక కూలెంటు. చక్రం లోపలివైపు పల్చటి తడి కనిపిస్తే బ్రేకు ఫ్లూయిడ్. ఆఖరిది కనిపిస్తే ఆ చక్రం విప్పి బాగుచేసేదాకా బండి తీయొద్దు.

రెండో విడత ముప్పై కిలోమీటర్లు. ఈసారి ఇంజన్ పూర్తిగా వేడెక్కుతుంది. ఆయిలు ప్రెషర్ చూడండి. వేడిగా ఉన్నప్పుడు దారిలో 50 పౌండ్లకు అటూ ఇటూ ఉండాలి. ఆగి ఐడిలింగులో ఉన్నప్పుడు 15కి వచ్చినా కంగారు లేదు. ఇంజనాయిలు 20డబ్ల్యూ-50 వాడండి, అందులో జింకు ఎక్కువున్న రకం అడిగి తీసుకోండి. ఈ ఇంజన్‌లో క్యామ్ షాఫ్ట్, ట్యాపెట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. కొత్త కార్ల కోసం చేసే పల్చటి ఆయిళ్లు వాటిని కాపాడలేవు.

మూడో విడత అరవై కిలోమీటర్లు, మధ్యలో అరగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేసే ఏర్పాటుతో. మీటింగు రోజు మీకు ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

ప్రతి విడత తర్వాత వైరు చక్రాల నట్లు చూడండి. ఎంజీబీకి రెండు చెవులున్న పెద్ద నట్టు ఒక్కటే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. దాన్ని రాగి సుత్తితో చెవి మీద కొట్టి బిగిస్తారు. ఎడమవైపు నట్లు మామూలు మర, కుడివైపువి ఎదురు మర. గుర్తుపెట్టుకోవడం తేలిక: ఏ వైపైనా సరే, నట్టు పైభాగం బండి ముందుకు తిరిగితే వదులవుతుంది, వెనక్కి తిరిగితే బిగుస్తుంది. మీ బండిలో ఏ చక్రమైనా దీనికి విరుద్ధంగా ఉంటే, ఎవరో హబ్బులు (చక్రం ఎక్కే మధ్య భాగాలు) కుడి ఎడమలు మార్చి వేశారని అర్థం. నా బండి బాగుచేసిన షెడ్డులో వెనక హబ్బులు అలాగే మార్చి వేశారు. పన్నెండో కిలోమీటరు దగ్గర వెనక నుంచి టక్కు టక్కుమని శబ్దం వచ్చి ఆపి చూస్తే, కుడివైపు నట్టు సగం మర బయటికి వచ్చేసి ఉంది. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్లుంటే చక్రం కాలువలో ఉండేది. అప్పటి నుంచి ఆగిన ప్రతిచోటా దిగి నాలుగు నట్ల మీదా చెయ్యి వేసి చూడటం నాకు అలవాటైంది. మీరూ చేసుకోండి.

ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసుల్లాంటి కింగ్‌పిన్‌లకు ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్సు (గ్రీజు కొట్టే చిన్న ముక్కులు) ఉంటాయి. ప్రొపెల్లర్ షాఫ్టుకు ఒకటి, హ్యాండ్‌బ్రేకు కేబుల్‌కు ఒకటి. ప్రయాణానికి వారం ముందు అన్నిటికీ గ్రీజు పట్టించండి. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. మన డెల్టా గాలిలో తేమ, తీరం దగ్గర ఉప్పు. పాత గ్రీజులో చేరిన నీరు బయటికి పోతేనే పిన్నులు నిలుస్తాయి.

పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బళ్లు తయారైన రోజుల్లో దాన్ని ఊహించి రబ్బరు వేయలేదు. పాత రకం హోసు మెత్తబడి ఉబ్బి, లోపలి పొర నల్లటి నలుసులుగా రాలుతుంది. ఆ నలుసులు కార్బరేటర్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ నీడిల్ కింద ఇరుక్కుంటే కార్బరేటర్ పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పెట్రోలు పడుతుంది. ఎంజీబీలో కార్బరేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఇంజన్‌కు ఒకే పక్కన ఉంటాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొత్తం పెట్రోలు హోసులు మార్చేయండి. పైన ఆర్9 అని అచ్చు వేసి ఉన్న రకం ఇథనాల్‌కు తట్టుకుంటుంది. చిన్న అగ్నిమాపక సిలిండరు సీటు పక్కన, చేతికందే చోట బిగించుకోండి.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. రెండు మూడు నెలలు ట్యాంకులో నిలవున్న పెట్రోలుతో బయల్దేరొద్దు. పాతది తీసేసి, వెళ్లే ముందు రోజు కొత్తది పోయించండి.

ఇంకొకటి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మిశ్రమం కాస్త చిక్కగా ఉండాలి. ఎస్‌యూ కార్బరేటర్ అడుగున ఉండే జెట్ నట్టును ఒక్కో పలక చొప్పున కిందికి తిప్పితే చిక్కబడుతుంది. ఎంత తిప్పాలో కార్బరేటర్ లోపలుండే పిస్టన్ చెబుతుంది. ఇంజన్ వేడిగా ఐడిలింగులో ఉండగా, కార్బరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు పైకి లేపండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే చిక్కన ఎక్కువైంది. ఇంజన్ ఆగిపోబోతే పల్చన. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. రెండు కార్బరేటర్లనూ విడివిడిగా చూడాలి. పైమూతలు విప్పి డ్యాష్‌పాట్లలో (ఆ పిస్టన్ కదలికను నెమ్మదించే గొట్టాల్లో) ఆయిలు ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది.

కరెంటు పని

లూకాస్ వైరింగు గురించి అందరూ భయపెడతారు. నిజానికి ఆ వైర్ల రంగులు నేర్చుకుంటే ఇంత సులువైన బండి ఇంకోటి లేదు. గోధుమ రంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు ఇగ్నిషన్. ఆకుపచ్చ, ఇగ్నిషన్ వేశాక ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా రంగు, ఇగ్నిషన్‌తో పనిలేకుండా ఫ్యూజు దాటి ఎప్పుడూ కరెంటు ఉండేది. నలుపు ఎర్త్. నీలం హెడ్‌లైట్లు, ఎరుపు సైడ్‌లైట్లు. నా బండికి ఫ్యూజులు రెండే రెండు. ఆగిపోయిన ప్రతిసారీ తప్పు దాదాపు ఎప్పుడూ తుప్పుపట్టిన ఎర్త్ దగ్గరే దొరికింది. ఇంజన్‌కు, బాడీకి మధ్య అల్లిన ఎర్త్ పట్టీ, బ్యాటరీల ఎర్త్, వెనక లైట్ల ఎర్త్ మూడింటినీ విప్పి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, వాజిలీను పూసి బిగించండి. సీట్ల వెనక, నేల కింద ఉండే రెండు ఆరు వోల్టుల బ్యాటరీలను చాలామంది మరిచిపోతారు. కిందికి వంగి వాటి టెర్మినల్సు చూడండి.

చాలా ముఖ్యమైన విషయం. 1967 చివర్లో మార్పు వచ్చేదాకా తయారైన ఎంజీబీలన్నిటికీ పాజిటివ్ ఎర్త్. అంటే బాడీకి తగిలించేది ప్లస్. మన మెకానిక్కులు అలవాటు కొద్దీ మైనస్‌ను బాడీకి కలుపుతారు. దారిలో బ్యాటరీ దిగితే సాయానికి వచ్చిన ఎవరైనా జంపర్ వైర్లు అలాగే తగిలిస్తారు. ఫోను చార్జరు పెట్టుకున్నా దాని లెక్క తిరగబడుతుంది. బ్యాటరీ పెట్టె మూత మీద, బానెట్ లోపల "ప్లస్ ఎర్త్" అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి. నేను అంటించాను.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాపు 0.38 మిల్లీమీటర్లు, ప్లగ్గులది 0.63. పొగమంచు ఉన్న పొద్దుటిపూట స్టార్ట్ కాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి లోపల పొడిగుడ్డతో తుడవండి. చాలాసార్లు అంతే.

ఇక పెట్రోలు పంపు. తాళం తిప్పగానే వెనక కుడివైపు నుంచి టక్‌టక్‌మని చప్పుడు వచ్చి, కార్బరేటర్లు నిండగానే ఆగిపోవాలి. ఆగకుండా కొట్టుకుంటూ ఉంటే ఎక్కడో కారుతోంది, లేదా గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకు ఖాళీ. అసలు చప్పుడే లేకపోతే చాలాసార్లు పంపు లోపలి పాయింట్లు మాడి ఉంటాయి. మూడేళ్ల కిందట కొత్తపేటలో నాకు అదే జరిగింది. మార్కెట్ దగ్గర ఇంజన్ దగ్గి ఆగిపోయింది. నాకప్పటికి పంపు లోపల ఏముంటుందో తెలియదు. పక్కనే మోటార్లు బాగుచేసే పెద్దాయన వచ్చి, గోనెసంచి పరుచుకుని కిందికి దూరి, చెవి ఆనించి విన్నాడు.

"ఆయ్, ఇది హారను లాంటిదేనండి. లోపల పాయింట్లు మాడుంటాయండి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. హారన్‌లో ఎలాగైతే అయస్కాంతం పలకను లాగి, లాగగానే కరెంటు తెగి, వదలగానే మళ్లీ కలుస్తుందో, ఎస్‌యూ పంపులో డయాఫ్రమ్ అలాగే ఆడుతుంది. ముందు బ్యాటరీ వైరు విప్పించాడు, చుట్టూ చేరినవాళ్లతో బీడీలు ఆర్పించాడు. పంపు చివరి మూత తీసి, సన్నటి ఉప్పుకాగితం మడిచి పాయింట్ల మధ్య రెండుసార్లు లాగి, మూత పెట్టేశాడు. వైరు కలిపి తాళం తిప్పగానే టక్‌టక్ మొదలైంది. డబ్బులు ఎంతివ్వమన్నా తీసుకోలేదు. "మీటింగయ్యాక ఇటే రండి, ఓ రౌండు ఎక్కించుకోండి" అన్నాడు. సాయంత్రం వచ్చి ఆయన్నీ, ఆయన మనవణ్నీ చెరో రౌండు తిప్పాను. ప్రతి ఏడూ ఆయన దుకాణం ముందు ఆగుతాను.

డిక్కీలో ఏముండాలి

డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే రోటర్ ఆర్మ్‌లు రెండు. ఇప్పుడు తయారవుతున్న కొన్నిటిలో రివెట్టు దగ్గరి నుంచే కరెంటు లీకై ఇంజన్ హఠాత్తుగా చచ్చిపోతుంది. పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఒక ప్లగ్గు, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, రెండు మీటర్ల వైరు, టేపు. రేడియేటర్ హోసు ఒకటి, రకరకాల సైజుల క్లిప్పులు. రాగి సుత్తి, జాకీ, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్కముక్క. మన మట్టిలో చెక్క లేకుండా జాకీ దిగబడిపోతుంది. స్పానర్లు అంగుళాల సైజువి. మన దగ్గర దొరికే మిల్లీమీటర్ల సెట్టు వీటికి సరిగా పట్టదు, నట్ల మూలలు అరిగిపోతాయి. గోనెసంచి. అర లీటరు ఇంజనాయిలు, చిన్న డబ్బా బ్రేకు ఫ్లూయిడ్.

నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, ఐదు లీటర్లు. చుట్టూ ఇన్ని నీళ్లుండగా ఎందుకంటారేమో. కాలువ నీటిలో ఒండ్రు ఉంటుంది. రాజోలు దాటాక చాలా బోర్లలో ఉప్పునీరు. రెండూ రేడియేటర్‌కు మంచివి కావు. డిస్టిల్డ్ వాటర్ అయితే మరీ మంచిది.

దారి

రాజమండ్రి నుంచి దిండికి నేను వెళ్లే దారి ఇది: ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం అక్విడక్టు (నది మీంచి కాలువను దాటించే వంతెన) దగ్గర గోదావరి పాయ వైనతేయను దాటి తాటిపాక, రాజోలు, దిండి. మొత్తం వంద కిలోమీటర్లు కూడా ఉండదు. హైవే మీద కడియపులంక, జొన్నాడ మీదుగా రావులపాలేనికి త్వరగా చేరొచ్చు. కానీ ఈ బండి ఎత్తు నాలుగడుగుల చిల్లర. లారీ డ్రైవరు అద్దంలో మనం కనిపించం. బ్యారేజీ దారిలో అందరూ నెమ్మదిగానే పోతారు, బండికీ మనిషికీ హాయిగా ఉంటుంది.

ఆ రోడ్డు కార్ల కోసం వేసింది కాదన్నది మాత్రం గుర్తుంచుకోండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలకు వేసిన గట్లే మన రోడ్లు. అందుకే ఒకపక్క కాలువ, ఇంకోపక్క పల్లంలో చేలు, మధ్యలో సన్నటి తారు. ఎదురుగా బస్సు వస్తే ముందే ఆగి దారివ్వండి. తారు అంచు దింపితే మీ బండి అడుగు నేలకు తగులుతుంది, అటుపక్క ఒరిగితే కాలువ. ఒకరోజు ముందే, శనివారం నాడు బయల్దేరాలనుకునేవాళ్లు ఆత్రేయపురం దారి మానుకోండి. వాడపల్లి వెంకన్న దర్శనానికి ఆ రోజు విపరీతమైన జనం వస్తారు. గంటలకొద్దీ మొదటి గేరులో పాకితే క్లచ్చూ, ఇంజనూ రెండూ వేడెక్కిపోతాయి.

సార్వా కోతల సమయంలో, అంటే నవంబరు డిసెంబరుల్లో ట్రయలు తిప్పేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఎంజీబీ అడుగుకు, నేలకు మధ్య ఐదంగుళాలే ఖాళీ. గడ్డి పరిచిన చోట దాని మీంచి వెళ్లాల్సి వస్తే, దాటగానే ఆపి కిందికి చూడండి. సైలెన్సరుకు, షాఫ్టుకు చుట్టుకున్న ఎండుగడ్డి వేడికి అంటుకుంటుంది. వెంటనే లాగేయండి.

నరసాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు సఖినేటిపల్లి పంటు (బళ్లను నది దాటించే పడవ) మీద గోదావరి దాటాలని ఆశ పుడుతుంది. నాకూ ఆ పంటు అంటే ప్రాణం. కానీ రేవులో పలక ఎక్కేచోట వాలు ఎక్కువ, ఎగ్జాస్ట్ పైపు గీసుకుంటుంది. మోటారుసైకిలుతో వచ్చినప్పుడు పంటు ఎక్కండి, ఎంజీబీతో చించినాడ బ్రిడ్జి మీదుగా రండి.

నడిపేటప్పుడు

ఆరున్నరకు, పొగమంచు పల్చబడ్డాక బయల్దేరండి. టైర్లలో గాలి చల్లగా ఉండగానే ముందు 21, వెనక 24 పౌండ్లు. పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వేసి ఉంచాలనిపిస్తుంది, కానీ డైనమో ఉన్న పాత బళ్లలో అది బ్యాటరీని దించేస్తుంది. మంచున్నంతసేపు వేసి, తేటపడ్డాక తీసేయండి.

స్పీడోమీటరు మైళ్లలో ఉంటుంది. 40 అంటే 64 కిలోమీటర్లు. డెల్టా రోడ్ల మీద అంతకంటే అక్కర్లేదు. నా బండిలాంటి మొదటి రకాల్లో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్ (బండి కదులుతుండగా గేరు సాఫీగా పడనిచ్చే ఏర్పాటు) లేదు. బండి పూర్తిగా ఆగితేనే ఫస్టు వేయండి, కదులుతుంటే సెకండు చాలు. స్పీడ్ బ్రేకర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. నేరుగా ఎక్కితే సైలెన్సరు తగులుతుంది. ఎదురుగా ఎవరూ లేనప్పుడు కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించండి. బ్రేకులకు సర్వో (కాలి బలాన్ని పెంచే ఏర్పాటు) లేదు. కాలి బలం వాడాలి, దూరం ఎక్కువ ఉంచాలి. గేదెల మంద కనబడితే వంద గజాల ముందే గేరు తగ్గించండి. నీళ్ల గుంట దాటితే వెనక డ్రమ్ములు తడుస్తాయి. ఆ తర్వాత బ్రేకు పెడల్‌ను మెల్లగా నొక్కుతూ కొంతదూరం పోతే ఆరిపోతాయి.

చేపలు, రొయ్యల లారీల వెనక పోవద్దు. వాటినుంచి కారే నీళ్లకు రోడ్డు జారుతుంది, పైగా ఉప్పునీళ్లు మీ బండి అడుగున చేరతాయి. పక్కకు ఆగి వాటిని వెళ్లిపోనివ్వండి.

వేడి గేజి మీద ఒక కన్నుండాలి. నా బండిలో ఫ్యాను ఇంజన్‌తోనే తిరుగుతుంది, ట్రాఫిక్‌లో నిలబడితే మెల్లగానే తిరుగుతుంది. రావులపాలెం సెంటర్లో ఇరుక్కుని సూది 200 ఫారన్‌హీట్ దాటి ఎక్కుతుంటే హీటరు పూర్తిగా తెరవండి. ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వస్తుంది. టాపు తీసి ఉంది కాబట్టి ఓర్చుకోవచ్చు. ఇంకా ఎక్కుతుంటే పక్కకు తీసి ఆపేయండి. రేడియేటర్ మూత వెంటనే తీయొద్దు, గుడ్డతో పట్టుకున్నా సరే.

టీ కోసం ఆగితే బానెట్ ఎత్తి ఉంచండి. లేకపోతే కార్బరేటర్లలో పెట్రోలు మరిగి తిరిగి స్టార్ట్ కాదు. ఒకవేళ మొండికేస్తే చోక్ లాగొద్దు, యాక్సిలరేటర్ పదేపదే తొక్కొద్దు. ఎస్‌యూలో తొక్కితే పెట్రోలు చిమ్మే ఏర్పాటు లేదు. పెడల్ సగం దాకా నొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

ఆగిన ప్రతిచోటా జనం చేరతారు. "ఏ కంపెనీదండీ?" "మైలేజీ ఎంతిత్తదండి?" "హెక్టార్ వాళ్లదేనాండి?" ఓపిగ్గా జవాబు చెప్పండి. పిల్లల్ని ఒక్క నిమిషం స్టీరింగు ముందు కూర్చోబెట్టండి. పంపులోకి చూసి హారన్‌లా ఉందని చెప్పగలిగే మనిషి ఆ గుంపులోనే ఉండొచ్చు.

తోటలో

అన్నిటికంటే ముందు: కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దు. ఒక్క కాయ చాలు, బానెట్ పెయింటు కాదు కదా రేకే పోతుంది. ఖాళీ కళ్లం ఉంటే అక్కడ, లేదా రోడ్డుపక్కన. బండి కింద అట్టముక్క వేయండి, తోట యజమాని మట్టిలో ఆయిలు పడకూడదు. వేరేవాళ్ల బండిని అడక్కుండా తాకొద్దు, బెల్టు బకిల్ ఉన్న నడుముతో అసలే ఆనుకోవద్దు.

భోజనాల ముందు ఒక గంట బానెట్లు ఎత్తుకుని మాట్లాడుకునే సమయం ఉంటుంది. దాన్ని ఫొటోలతో గడిపేయకండి. మీకు రాని పని ఎవరికో వచ్చి ఉంటుంది. ఫియట్ ఉన్న మా స్నేహితుడు పదిహేను నిమిషాల్లో రెండు కార్బరేటర్ల గాలిని రబ్బరు ట్యూబుతో చెవికి వినిపించి సమం చేయడం నేర్పాడు. ట్యూబు ఒక చివర కార్బరేటర్ నోటి దగ్గర, ఇంకో చివర చెవి దగ్గర. రెండింటి బుస్సుమనే శబ్దం ఒకేలా అయ్యేదాకా సర్దాలి. అంతకుముందు రెండేళ్లు నేను కొలిచే గేజి కోసం వెతుకుతూ ఉండిపోయాను.

మూడున్నరకల్లా బయల్దేరండి. చీకట్లో గట్టు రోడ్డు వద్దు. ఆలస్యమైతే రావులపాలెం నుంచి హైవే ఎక్కేయండి.

ఇంటికొచ్చాక

మర్నాడు తప్పకుండా మంచినీళ్లతో అడుగుభాగం కడగండి. ద్వారాల కింద పెట్టెలా ఉండే సిల్స్‌కు అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. పుల్లతో వాటిలో మట్టి తీయండి. ఎంజీబీకి విడి చాసీ లేదు, బాడీ బలమంతా ఆ సిల్స్‌లోనే ఉంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. వైరు చక్రాల పుల్లల మధ్య పొడిగుడ్డ పెట్టి తుడవండి. టాపు గుడ్డ తడిగా ఉంటే మడవకుండా నీడలో ఆరేయండి.

తర్వాత పది కిలోమీటర్లు తిప్పి బ్రేకులు ఆరనిచ్చి, ఆయిలు, కూలెంటు, బ్రేకు ఫ్లూయిడ్ ఎంత తగ్గాయో కొలిచి పుస్తకంలో రాయండి. నాలుగు చక్రాల నట్లూ ఒకసారి కొట్టి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి పక్కన పెట్టండి. రెండు వారాలకు మించి నిలబెట్టకుండా మళ్లీ తీయండి.